బేగంపేటలో కొలిచిన చుక్కలు

కంటికి చూస్తే చుక్కలు కదలవు. రాత్రంతా తూర్పు నుంచి పడమరకు జరిగినట్టు కనిపించేది భూమి తిరగడం వల్ల. వాటి మధ్య ఎడం మాత్రం నిన్నా, పోయినేడూ, తాతల నాడూ ఒకటే. గొల్లకావడి ఎప్పుడు చూసినా గొల్లకావడే. 1718లో హేలీ (తోకచుక్క హేలీయే) పాత గ్రీకు కొలతలను తన కాలం కొలతల పక్కన పెట్టి చూశాడు. మూడు చుక్కలు ఉండాల్సిన చోట లేవు: లుబ్ధకుడు, స్వాతి, రోహిణి. చివరి రెండూ పంచాంగం తిరగేసేవాళ్లకు తెలిసిన పేర్లే. మూడింటిలో స్వాతిది ఎక్కువ జోరు. అంత జోరు మీదున్నా చందమామ వెడల్పంత దూరం జరగడానికి దానికి సుమారు 800 ఏళ్లు పడుతుంది.

ఇంత నెమ్మది నడకను పట్టుకోవాలంటే దారులు రెండే. చాలా సన్నగా కొలవాలి, లేదా చాలా కాలం ఆగాలి. మొదటిదానికి డబ్బు పెడితే పని జరుగుతుంది, రెండోదానికి జరగదు. చుక్కల ఫొటోలు తీసిన హైదరాబాద్ గాజు పలకల విలువ అక్కడే ఉంది.

1887లో పారిస్‌లో ఖగోళవేత్తలు సమావేశమై, ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి చుక్కల పట్టిక వెయ్యాలనుకున్నారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి, దాదాపు 20 వేధశాలలు పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగోకి ఇచ్చిన పట్టీలో పని సాగలేదు. అది చివరికి హైదరాబాద్‌కి వచ్చింది. అనూరాధ నక్షత్రంలోని కొన్ని చుక్కలు ఆ పట్టీలోవే.

ఇక్కడ టెలిస్కోపులు తెచ్చింది నవాబ్ జాఫర్ జంగ్. ఇంగ్లండ్‌లో కొని, 1901లో ఫిసల్‌బండలో సొంత వేధశాల పెట్టుకున్నాడు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుంది, వేధశాల బేగంపేటకు మారింది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత భాస్కరన్ శాస్త్రి దీన్ని నడిపారు.

పలక దగ్గరికొద్దాం. డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ. ఈ ఫొటోల్లో ఒక మిల్లీమీటరు అంటే ఒక కళ, చందమామ పడితే అంగుళం పైచిలుకు ఉంటుంది. ఏడాదికి వికళలో పదో వంతు జరిగే చుక్క, వందేళ్లకు ఈ పలక మీద కదిలేది మిల్లీమీటరులో ఆరో వంతు! అంత చిన్న తేడా దగ్గర, డెవలప్ చేసేటప్పుడు పలక మీది జెలటిన్ పొర కాస్త సాగినా కుంచించుకున్నా కొలత పాడైపోతుంది. అందుకని ముందే పలక మీద 5 మిల్లీమీటర్ల గళ్లు ముద్రించేవారు. పొర సాగితే గళ్లూ సాగుతాయి కాబట్టి, చుక్క తన గడిలో ఎక్కడుందో చూసుకుంటే సరిపోతుంది. ఎంత తెలివైన ఉపాయం! ఆ తర్వాతది ఒట్టి చాకిరీ. మైక్రోస్కోపులో కన్ను పెట్టి, ఒక్కో చుక్కకు అడ్డం కొలత, నిలువు కొలత, లక్షలాది చుక్కలకు. ఈ పని ఏళ్ల తరబడి సాగింది.

ఆ కొలతల పుస్తకాలు అచ్చయ్యేనాటికే అంతర్జాతీయ పథకం మీద చాలామందికి ఆసక్తి పోయింది. నిజం చెప్పాలంటే, వృథా ఖర్చనే మాట కూడా పడింది.

1989లో ఐరోపావాళ్లు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపారు. అది చుక్కల స్థానాలను బ్రహ్మాండంగా కొలిచింది కానీ 1993కల్లా దాని పని అయిపోయింది. మూడు నాలుగేళ్లలో చాలా చుక్కలు కదిలీ కదలనట్టే ఉంటాయి. వాటి వేగం తేల్చాలంటే పాత ఫొటో కావాలి. హిప్పార్కస్ కొలతలతో 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల చుక్కలున్నాయి. వాటి నడక లెక్కలకు ఆ పాత పలకల కొలతలనే ముఖ్యంగా వాడారు, వాటిలో హైదరాబాద్‌వీ ఉన్నాయి. కొలత మోటుదైనా 70, 80 ఏళ్ల ఎడంతో భాగిస్తే తప్పు చిన్నదైపోతుంది.

ఆ తర్వాత 2013లో వెళ్లిన గాయా ఉపగ్రహం దాదాపు 180 కోట్ల చుక్కల పట్టిక ఇచ్చింది. సన్నదనంలో పాత పలకలు దాని కాలి గోటికి సరిపోవు. కానీ గాయా చూసింది పదేళ్ల చిల్లరే. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి వందల ఏళ్లు తీసుకునే జంట చుక్కలుంటాయి. అలాంటి జంట అనూరాధ దగ్గర ఎక్కడైనా తగిలితే, 1920ల్లో అదెక్కడుందో వెతకాల్సింది బేగంపేటలో రాసుకున్న ఆ అడ్డం, నిలువు అంకెల్లోనే.