పులి చిమ్మటను పట్టించేది మొక్కే

వానాకాలంలో ఫోన్లలో తరచూ తిరిగే ఫొటో ఒకటుంది. గోడ మీద రెక్కల పురుగు, దాని ఒంటి చివర నుంచి బయటికి ఉబ్బిన నాలుగు వెంట్రుకల గొట్టాలు. కింద రకరకాల భయాలు: వేరే లోకపు జీవి, అరిష్టం, విషం. నిజానికది క్రియాటోనోటోస్ గ్యాంగిస్ అనే పులి చిమ్మట మగది. లేత గోధుమ రంగు ముందు రెక్క మధ్యలో నల్లటి చార, ఎర్రటి పొట్ట మీద నల్ల చుక్కలు చూస్తే చాలు.

మిగతా పులి చిమ్మటలను రెక్కలు చూసి గుర్తుపట్టబోతే తరచూ తప్పుతాం. గొంగళి పురుగు ఏ మొక్క మీద దొరికిందో ముందు రాసుకోవాలి. హైదరాబాద్ ఖాళీ ప్లాట్లలో, ఎండిన కాయను ఊపితే గలగలలాడే గిలిగిచ్చ గానీ, దాని చుట్టం జనుము గానీ అయితే రెండింటిని అనుమానించాలి. తెల్ల రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలుండి, వాలగానే రెక్కలు ఒంటికి చుట్టుకుని పుల్లలా కనిపిస్తే యుటిథైసా. నారింజ రెక్కల మీద తెల్లంచు నల్ల చుక్కలుంటే అర్జినా ఆస్ట్రియా. దీని పురుగు కాయకు కన్నం పెట్టి గింజలు తింటుంది. యుటిథైసాలో లోట్రిక్స్, పుల్కెలాయిడిస్ అనే రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. ఫొటో చూసి ఏదో ఒకటి ఖాయం చేయడం కన్నా ‘యుటిథైసా’ దగ్గర ఆగడం మేలు.

ఆముదం మీద నల్లటి గొంగళి పురుగైతే ఒలెపా కావచ్చు. బూడిద రంగు ముందు రెక్కల కింద గులాబీ వెనక రెక్కలు దాగి ఉంటాయి కాబట్టి, రెక్కలు విప్పిన ఫొటో కావాలి. మునగ మొద్దుకు గుంపుగా అంటుకుని ఒళ్లంతా దురద పెట్టేవి పులి చిమ్మట పిల్లలు కావు, యూప్టెరోట్ అనే వేరే చిమ్మటలవి. అవి తగిలితే రుద్దకూడదు, నూగు లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు వేసి లాగి, ఆపైన సబ్బుతో కడగాలి.

ఇక ఆ నాలుగు గొట్టాల సంగతి. అవి అత్తరు సీసాలు. అందులో అత్తరు ఎంతో, అసలు సీసా ఎంత పెద్దదో తేలేది చిన్నప్పటి తిండిని బట్టే. గిలిగిచ్చ లాంటి మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషాలుంటాయి. 1982లో శాస్త్రవేత్త డీట్రిష్ ష్నైడర్ బృందం ‘సైన్స్’ పత్రికలో చూపించింది ఇదే: గొంగళి దశలో ఆ విషం తిన్న మగవాటికి గొట్టాలు ఒంటి పొడవును మించి పెరుగుతాయి, తినని వాటికి నామమాత్రంగా మిగులుతాయి. విషంలోంచి తయారయ్యే అత్తరు పేరు హైడ్రాక్సీడానాయిడల్. అంటే సీసా సైజే బాల్యపు మెనూ.

మరి విషం తిన్న పురుగు చావదేం? ఆ విషంలోని నైట్రోజన్‌కు ఒక ఆక్సిజన్ తగిలించి, ఎన్-ఆక్సైడ్ రూపంలో రక్తంలో దాస్తుంది. ఆ రూపం దానికి హాని చేయదు. జంతువు మింగితే పేగుల్లో ఆ ఆక్సిజన్ ఊడిపోతుంది. తర్వాత కాలేయం దాన్ని మరింత చురుకైన పైరోల్‌గా మార్చి తనకే చేటు తెచ్చుకుంటుంది. అమెరికాలోని యుటిథైసా ఆర్నాట్రిక్స్ మీద కీటక శాస్త్రవేత్త థామస్ ఐస్నర్ చూసిన సంగతి ఇంకా ముచ్చటైనది: నెఫిలా సాలీడు గూట్లో పడ్డ ఈ చిమ్మటను తినకుండా, దారాలు కత్తిరించి వదిలేస్తుంది. జతకట్టేటప్పుడు మగది తన బరువులో పదో వంతు దాకా ఉండే వీర్యపు సంచితో పాటు విషాన్నీ ఆడదానికి ఇస్తుంది, ఓలి ఇచ్చినట్టు. అది గుడ్లకు చేరి వాటిని కాపాడుతుంది. అత్తరు వాసన చూసిన ఆడది నిజానికి ఓలి ఎంత వస్తుందో లెక్క చూసుకుంటోందన్నమాట.

పేరు తేలకపోతే పెంచి చూడటమే దారి. వెడల్పు మూతి జాడీ, మూతికి పల్చటి గుడ్డ, అడుగున న్యూస్‌పేపరు, రోజూ మార్చే అదే మొక్క ఆకు. ప్లాస్టిక్ డబ్బా మూసేస్తే లోపల చెమ్మ పట్టి, బూజొచ్చి పురుగు చస్తుంది. బడి పాఠంలో కొమ్మకు వేలాడే సీతాకోకచిలుక ప్యూపానే చూపిస్తారు కాబట్టి, చాలామందికి మట్టి వేయాలని తోచదు. మూడు సెంటీమీటర్ల పొడి మట్టి, ఎండుటాకులు ఉండాలి. పురుగు తన నూగును కలిపి అక్కడే గూడు అల్లుతుంది. బయటికొచ్చాక రెక్కలు ఆరబెట్టుకోడానికి ఒక పుల్ల నిలబెట్టాలి. పురుగు ఒంటి మీద బియ్యపు గింజల్లాంటి తెల్ల గూళ్లు కనిపిస్తే అవి గుడ్లు కావు. లోపల పెరిగిన పరాన్న కందిరీగలవి. ఆ పురుగు ఇక చిమ్మట కాదు.

సాధారణంగా రెండు వారాల్లో తేలిపోతుంది. వేరుశనగ చేల మీద పడే ఎర్ర గొంగళి పురుగు మాత్రం వేరు. దాని ప్యూపా మట్టిలో దాదాపు పది నెలలు నిద్రపోయి తొలకరి వానకు లేస్తుంది. దసరాకు కదలడం లేదని ఆ జాడీ కడిగేయకండి.