ఆడాసిటీ అంటే ధైర్యమేనా? అపోహలు - వాస్తవాలు

మొన్న నా దగ్గర చదువుకునే అమ్మాయి ఒక ఉత్తరం దిద్దమని ఇచ్చింది. కొత్తగా ఉద్యోగం వచ్చింది, పై అధికారికి కృతజ్ఞతలు చెబుతోంది. "అనుభవం లేని నన్ను తీసుకునే ఆడాసిటీ చూపినందుకు ధన్యవాదాలు" అని ఇంగ్లీషులో రాసింది. ధైర్యం చేసి తీసుకున్నారని ఆమె భావం. చదివేవాళ్లకు మాత్రం 'నన్ను తీసుకోవడానికి మీకెన్ని గుండెలు!' అన్నట్టుంటుంది. ఇంగ్లీషు పాఠాలు చెప్పే నాకు ఏటా ఇలాంటివి ఎదురవుతూనే ఉంటాయి.

అపోహ: ఆడాసిటీ, కరేజ్ ఒకటే.

కాదు. నిఘంటువులో 'ధైర్యం, సాహసం' అని కనిపించగానే చాలామంది అక్కడే ఆగిపోతారు. మనకూ ఇలాంటి మాటే ఉంది కదా! "ఎంత ధైర్యం!" అని మెచ్చుకుంటాం, "నీకెంత ధైర్యం!" అని నిలదీస్తాం. తెలుగులో ఆ తేడా గొంతులో తెలుస్తుంది. ఇంగ్లీషులో వాక్యం అమరికే చెప్పేస్తుంది. 'హ్యాడ్ ద ఆడాసిటీ టు' అని మొదలుపెట్టి పక్కన క్రియ పెడితే అది దాదాపు ఎప్పుడూ నిందే: హద్దు మీరాడు, సిగ్గు లేకుండా అడిగాడు. విశేషణం ఆడేషస్ కొంచెం నయం. 'ఆడేషస్ ప్లాన్' అంటే చాలాసార్లు మెప్పుకోలే. ఉద్యోగ దరఖాస్తులో "ఐ హ్యావ్ ఆడాసిటీ" అని మాత్రం దయచేసి రాయకండి. కరేజ్ అనండి, లేదా మీరు తెగించి చేసిన పనేమిటో చెప్పండి.

2004లో డెమోక్రాటిక్ పార్టీ మహాసభలో ఒబామా 'ద ఆడాసిటీ ఆఫ్ హోప్' అన్నారు కదా అని అడుగుతారు. నిందకు వాడే మాటను ఆశ పక్కన పెట్టారు కాబట్టే అది అంత పదునుగా తగిలింది.

అపోహ: చెడ్డ అర్థం ఈమధ్య ఇంటర్నెట్ అంటించింది.

ఈ పుకారు వింటే నాకు ఓపిక నశిస్తుంది. లాటిన్‌లో దీని తోబుట్టువైన 'ఔదాకియా'లోనే రెండు అర్థాలూ ఉన్నాయి. క్రీ.పూ. 63లో రోమన్ నాయకుడు, వక్త సిసిరో, కుట్రదారు కాటిలైన్‌ను సెనేట్‌లో నిలదీస్తూ 'కళ్లెం లేని తెగింపు' అన్నది ఈ మాటతోనే. 1792 సెప్టెంబరు 2న శత్రుసేనలు ఫ్రాన్స్‌లోకి చొచ్చుకొస్తుంటే, విప్లవ నాయకుడు డాంటన్ దీని ఫ్రెంచి రూపం 'ఒడాస్'నే మూడుసార్లు పలికి జనానికి ఊపిరి పోశాడు. మన 'సాహసం' మాత్రం? ధర్మశాస్త్రాల్లో అది బలప్రయోగంతో చేసే నేరం పేరు.

అపోహ: ఆడియోకి చుట్టం.

ఆడాసిటీ అనే పేరుతో శబ్దాలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉండటం వల్ల వచ్చిన పొరపాటిది. ఆడియో, ఆడిటోరియం 'ఔదీరె' నుంచి వచ్చాయి, అంటే వినడం. ఆడాసిటీ 'ఔదేరె' నుంచి, అంటే తెగించడం. దాని వెనక 'అవిదుస్', ఆత్రం ఉంది. ఆత్రంగా పుస్తకాలు చదివేవాళ్లను 'ఎవిడ్ రీడర్' అంటామే, ఆ ఎవిడ్ దీనికి అసలు చుట్టం.

ఆ అమ్మాయి ఉత్తరంలో "థాంక్యూ ఫర్ టేకింగ్ ఎ ఛాన్స్ ఆన్ మీ" అని మార్చాం. "ఇంతకుముందు ఇంకొకరికి ఇలాగే రాసేశాను సార్" అని బెంగపడింది. మిగతా ఉత్తరమంతా చూపించమన్నాను. ప్రతి వాక్యంలోనూ కృతజ్ఞతే ఉంది. అలాంటి ఉత్తరంలో ఒక్క మాట తప్పినంత మాత్రాన ఎవరూ తిట్టారనుకోరమ్మా అని చెప్పి పంపాను.