ఒక గిటారు, ఇద్దరు వంతలు

స్టూడియోలో ఒకే మనిషి తన వాయింపు మీద తానే ఎన్నిసార్లయినా వాయించుకోవచ్చు. వేదిక ఎక్కితే ఉన్నవి రెండే చేతులు. రాక్ బృందాలను నేటికీ వెంటాడే ఈ చిక్కు పాతదే. 1951లో అమెరికాలో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతులు ‘హౌ హై ద మూన్’ పాటలో గిటార్లను, గొంతులను పొర మీద పొరగా పేర్చారు. రికార్డు విన్నవారు కచేరీలోనూ ఆ నిండుదనమే కోరుకున్నారు. లెస్ పాల్ ఆ దశాబ్దంలోనే గిటారుకు ఒక చిన్న పెట్టె బిగించి, తెర వెనక ఉన్న టేపు యంత్రాన్ని దానితో నడిపించాడు.

ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసి కలిపే పొరలు, పెరిగే కొద్దీ రికార్డుకూ వేదికకూ మధ్య దూరమూ పెరిగింది. బీటిల్స్ 1966 ఆగస్టుతో పర్యటనలకే స్వస్తి చెప్పారు. లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ ఆరు తీగలు, పన్నెండు తీగలు ఒకే చెక్కకు ఉన్న జంట మెడల గిటారు పట్టుకున్నాడు.

నన్ను కట్టిపడేసేది మాత్రం బ్రిటన్ రాక్ బృందం క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే వెతుక్కున్న దారి. 1963లో తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి చెక్కతో సొంత గిటారు చేయడం మొదలుపెట్టినవాడు, ఆరు పెన్నీల నాణెం అంచుతో తీగలు మీటేవాడు. స్టూడియోలో ఆయన గిటార్లు వాద్యబృందంలా మోగేవి. వేదికపై ఉన్నది ఆయన ఒక్కడే.

అప్పుడు ప్రతిధ్వనిని తోడు తెచ్చుకున్నాడు. టేపు చుట్ట తిరుగుతూ స్వరాన్ని కొంత ఆలస్యంగా తిరిగి వినిపించే ఎకోప్లెక్స్ యంత్రాన్ని, ఇంకా ఎక్కువ ఆలస్యం వచ్చేలా మార్పించుకున్నాడు. నేరుగా వచ్చే ధ్వని ఒక ఆంప్లిఫయర్‌కు, మొదటి ప్రతిధ్వని మరోదానికి, రెండోది ఇంకోదానికి. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలు నిలిచినట్టు! షడ్జమం వాయిస్తాడు. అది తిరిగి వచ్చే క్షణానికి గాంధారం అందుకుంటాడు. ఆ రెండూ వినిపించే వేళకు పంచమం చేరుస్తాడు. మూడు గిటార్ల శ్రుతి ఒక్క మనిషి చేతిలో పుడుతుంది. 1974 నాటి ‘బ్రైటన్ రాక్’ పాటలోని సోలో (గిటారు ఒంటరి వాయింపు) కచేరీల్లో ఈ పద్ధతితోనే నిమిషాల కొద్దీ విస్తరించింది. ఇది రికార్డుకు నకలు కాదు, వేదిక మీదే పుట్టిన సంగీతం.

అన్నిటికీ ఈ ఉపాయం పనికిరాలేదు. 1975 నాటి ‘బొహీమియన్ రాప్సడీ’లో ఒపేరా భాగం ఎన్నో గొంతుల పొరలు. నలుగురు పాడి నిలబెట్టలేరు. ఆ భాగానికి టేపు వేసి, బృందం వేదిక దిగిపోయేది. పెదవులు కదిపి నటించలేదు. ఆ నిజాయితీ అంటే నాకు ఎంతో గౌరవం.

1984 నుంచి కచేరీల్లో స్పైక్ ఎడ్నీ కీబోర్డులతో తోడయ్యాడు. టేపు యంత్రాల చోటికి డిజిటల్ పరికరాలు వచ్చాయి. ఆ సోలో దగ్గర మాత్రం మే ఒంటరిగా నిలబడి, ఒక పలుకు మీటి, అది తిరిగి వచ్చేదాకా చెవి ఒగ్గి ఆగేవాడు.