లా చదువు అప్పు: ఫీజు సరే, ఆ తర్వాతి ఏళ్ల సంగతి?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంటర్ పిల్లాడికి జాతీయ స్థాయి లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో మంచి ర్యాంకు వస్తే, స్వీట్లు పంచిన సాయంత్రమే బ్యాంకు లోన్ టెన్షన్ మొదలవుతుంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్లకు హాస్టల్‌తో కలిపి పది లక్షలు దాటడం మామూలే.

ఒంగోలు ఉన్న జిల్లా పేరులోనే కనిపించే టంగుటూరి ప్రకాశం సంగతి చూడండి. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. ఆయన కింది కోర్టుల్లో వాదించే రెండో శ్రేణి ప్లీడరుగా మొదలై, రాజమండ్రిలో బాగా సంపాదించాకే 1904లో ఇంగ్లండ్ వెళ్లి బారిస్టర్ అయ్యారు. ముందు రాబడి, తర్వాత పెద్ద చదువు. ఇప్పుడు ఆ వరుస తిరగబడింది.

1961 నాటి అడ్వకేట్స్ చట్టంతో ప్లీడర్లు, వకీళ్లు అన్న తేడాలు పోయి అందరూ అడ్వకేట్లే అయ్యారు. డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా, తర్వాత ఒక సీనియర్ దగ్గర చేరడం: చాలాకాలం ఇదే దారి. జూనియర్‌కి చేతికొచ్చేది తక్కువే, కానీ ఇంటి దగ్గర పొలమో దుకాణమో ఆదుకునేది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 1988లో ఐదేళ్ల కోర్సు తరగతులు మొదలయ్యాయి. 1998లో హైదరాబాద్‌కు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో విశాఖకు మరొకటి వచ్చాయి. అదే 2008లో క్లాట్ కూడా. కార్పొరేట్ ఉద్యోగాల ఆశతో పాటు ఫీజులూ పెరిగాయి.

అసలు చిక్కు లోన్ నిబంధనల్లో ఉంది. కోర్సు ముగిశాక సాధారణంగా ఏడాది మాత్రమే గడువిస్తారు, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్క. పది లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే, చదివిన కాలపు వడ్డీ కలపకముందే నెల వాయిదా సుమారు ₹13,200. జిల్లా కోర్టులో రెండో ఏడాది జూనియర్ ఇది ఎక్కడి నుంచి తెస్తాడు? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూనియర్ లాయర్లకు లా నేస్తం పథకం కింద ప్రకటించిందే నెలకు ₹5,000. గ్రామీణ ప్రాంతాల్లో జూనియర్లకు ₹15,000 ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ చెప్పింది గానీ, అది సిఫార్సే.

జడ్జి పరీక్ష రాసి గట్టెక్కుదామన్నా, 2025 మేలో ఆ పరీక్షకు ముందు మూడేళ్లు లాయరుగా ప్రాక్టీసు చేసి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చింది. 2024 జూలైలో, లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ₹750 దాటకూడదన్న తీర్పు మంచిదే, కానీ అప్పు ముందు అదెంత?

నన్నడిగితే, నెల్లూరు బార్‌లోనే స్థిరపడాలనుకునే వాళ్లు రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి దగ్గరి కాలేజీలో చేరి, మిగిలిన డబ్బు ప్రాక్టీసు మొదటి మూడేళ్లకు దాచుకోవడం మేలు. పెద్ద లోన్ కార్పొరేట్ ఉద్యోగానికే వెళ్తానని గట్టిగా అనుకున్నవాళ్లకు. అది కూడా ఆ కాలేజీ ప్లేస్‌మెంట్లలో సగటు జీతం కాకుండా, తమ ర్యాంకు వాళ్లకు ఎంత వస్తోందో కనుక్కున్నాకే.