రేపటికి తీసిపెట్టిన తోడు

చిట్టితల్లికి, నీతో కలిసి ఈ ఉత్తరం చదివే నీ టీమ్ పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మీ స్కూల్ ఫుట్‌బాల్ జట్టు అందరికన్నా వెనకబడిందనీ, వచ్చే ఏడు కింది గ్రూపులో ఆడాలనీ ఏడుపు గొంతుతో చెప్పావు. నిన్ను ఊరడిద్దామని, "ఐజ్వాల్ అని ఒక చిన్న జట్టు ఉందమ్మా. అదీ ఇలాగే కిందికి పోయి, మరుసటి ఏడే దేశం మొత్తానికి ఛాంపియన్ అయింది" అన్నాను. నువ్వు వెంటనే ఏడుపు ఆపేసి, "ఒక్క ఏడాదిలో అంత ఆట ఎక్కణ్ణుంచి వచ్చింది తాతయ్యా?" అన్నావు.

మంచి ప్రశ్న. రెండు రోజులు ఆలోచించాను. ఆ ఆట ఒక్క ఏడాదిలో రాలేదు. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నిన్ను వంటింట్లోకి తీసుకెళ్లాలి.

మీ అమ్మ రాత్రిపూట పాలు తోడు పెట్టడం చూశావు కదా. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు నిన్నటి పెరుగు ఒక్క చెంచా వేసి, మూతపెట్టి, గిన్నె కదపకుండా పక్కన పెట్టేస్తుంది. తెల్లారేసరికి గిన్నె నిండా పెరుగు. చూసేవాళ్లకు రాత్రికి రాత్రే తయారైనట్టు ఉంటుంది. కానీ ఆ చెంచాడు తోడు నిన్నటిది. నిన్నటిది మొన్నటి నుంచి వచ్చింది. అలా వెనక్కి పోతే మీ అమ్మ తెచ్చుకున్నది మీ అమ్మమ్మ దగ్గర్నుంచి, ఆవిడ తెచ్చుకున్నది వాళ్లమ్మ దగ్గర్నుంచి.

ఫుట్‌బాల్ క్లబ్ కూడా అంతే. పాలు ఆ ఊరి పిల్లలు. తోడు, ఎవరో కొద్దిమంది పూనుకుని మొదలుపెట్టిన క్లబ్. వెచ్చదనం చూడ్డానికి వచ్చే జనం.

ఇప్పుడు అట్లాస్ తీసి ఈశాన్యం మూల చూడు. బంగ్లాదేశ్‌కూ మయన్మార్‌కూ మధ్య పొడుగ్గా వేలాడుతున్నట్టు ఉంటుంది మిజోరం. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తం జనాభా 11 లక్షల లోపే. మన హైదరాబాద్‌లో ఒక మూలకు సరిపోతారు. దాని రాజధాని ఐజ్వాల్. అంతా కొండలే. ఇళ్లు వాలుల మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంటాయి. అలాంటిచోట ఫుట్‌బాల్ మైదానమంత చదునైన నేల దొరకడమే గొప్ప. బంతి గట్టిగా తన్నితే ఏ లోయలోకి పోతుందోనని జాగ్రత్తగా, కాలికి అంటిపెట్టుకుని ఆడాలి. మిజో ఆటగాళ్ల కాళ్లలో ఆ చురుకు అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ ఊళ్లో 1984లో ఈ క్లబ్ పుట్టింది. ఆ సంవత్సరం మీద వేలు పెట్టి ఒక్క నిమిషం ఆగు. అంతకు పాతికేళ్ల ముందు, 1959 ప్రాంతంలో, అక్కడ వెదురు పూసింది. ఆ వెదురు సుమారు 48 ఏళ్లకోసారి పూస్తుంది. పూసినప్పుడు గింజలు రాలతాయి, వాటిని తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, అవి పంటల మీద పడతాయి. అలా కరువు వచ్చింది. ఆ కరువు మిగిల్చిన కోపం నుంచి 1966లో తిరుగుబాటు మొదలైంది. ఇరవై ఏళ్లు కర్ఫ్యూలు, తుపాకులు. 1986లో శాంతి ఒప్పందం, 1987లో రాష్ట్ర హోదా. అంటే క్లబ్ పెట్టేనాటికి ఇంకా శాంతి రాలేదు. రేపు ఏమవుతుందో తెలియని చోట కొందరు కూర్చుని, మనకొక ఫుట్‌బాల్ జట్టు కావాలి అనుకున్నారు. పొయ్యి సరిగ్గా వెలగని ఇంట్లో కూడా పాలకు తోడు వేసి మూత పెట్టారన్నమాట.

తోడు వేశాక ఏం చెయ్యాలి? కదపకుండా ఆగాలి. చాలా ఏళ్లు ఆ క్లబ్ గురించి కొండల బయట ఎవరికీ తెలియదు. ఆటగాళ్లు మాత్రం ఒక్కొక్కరే బయటికి వచ్చారు. మొదట పేరు తెచ్చుకున్నవాళ్లలో షైలో మల్సామ్‌త్లువాంగా ఒకడు. జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీలో నేర్చుకుని, కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. 2003లో ఆ క్లబ్ జకార్తా వెళ్లి, ఆగ్నేయాసియా క్లబ్బుల పోటీ అయిన ఆసియాన్ కప్పు గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. అతణ్ణి అందరూ 'మామా' అని పిలిచేవారు. మన మామ కాదులే, వాళ్ల ముద్దుపేరు. ఐజ్వాల్‌లో ఎంతమంది పిల్లలు మామాను చూసి బూట్లు కట్టుకున్నారో!

2012లో మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచ్‌లు, జోనెట్ అనే అక్కడి కేబుల్ టీవీలో లైవ్. పనులు ముగించుకుని సాయంత్రం ఊరంతా ఆటకు వచ్చేది, రాలేనివాళ్లు ఇంట్లో చూసేవారు. నేను చెప్పిన వెచ్చదనం అదే. రెండేళ్లు తిరక్కుండా, 2014లో సిలిగురిలో, మిజోరం జట్టు ఫైనల్లో రైల్వేస్‌ను 3-0 గోల్స్‌తో ఓడించి, రాష్ట్రాల జట్లు ఆడే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ తెచ్చుకుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నాకు మనసొప్పదు.

నా చిన్నప్పుడు, 1960లలో, హైదరాబాద్‌లో మా వీధికి ఒక జట్టు ఉండేది. మాకు ఒకటే తోలు బంతి. లోపల రబ్బరు బ్లాడర్, పైన తోలు తాడుతో బిగించే లేసు. గాలి పోతే లేసు విప్పి, బ్లాడర్ బయటికి లాగి, సైకిల్ షాపుకు పరిగెత్తి ప్యాచ్ వేయించుకొచ్చేవాళ్లం. వానలో తడిస్తే ఆ బంతి రాయిలా బరువెక్కేది. లేసు వైపు నుదుటికి తగిలిందంటే సాయంత్రం దాకా ముద్ర పోయేది కాదు. ఆడాక దాన్ని గుడ్డతో తుడిచి, ఆముదం రాసి, మా అందరికన్నా పెద్దవాడైన ఒక అన్న తన ఇంటికి తీసుకెళ్లేవాడు. ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పేది ఆయనే, కొత్త పిల్లాడు గోడ పక్కన నిలబడి చూస్తుంటే "రారా, నువ్వూ రా" అని పిలిచేదీ ఆయనే. ఆయనకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ బంతి మాకే ఇచ్చాడు. ఆరు నెలల్లో జట్టు లేదు. బంతి ఉంది, మేమంతా ఉన్నాం, కానీ గోడ పక్కన పిల్లాణ్ణి పిలిచేవాళ్లు లేరు.

నగరానికీ అదే జరిగింది. నేను పుట్టకముందు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు, బొంబాయిలో జరిగే పెద్ద పోటీ రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం సాధించింది ఆయన శిక్షణలోనే. 1963లో ఆయన పోయారు. మా నాన్న ఆ మ్యాచ్‌ల గురించి అన్నం తినడం మరిచిపోయి చెప్పేవాడు. మనం ఆ కమ్మని పెరుగంతా తినేసి, తోడుకు చెంచా తీసిపెట్టకుండా గిన్నె కడిగేసుకున్నాం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, ఐజ్వాల్‌కు వద్దాం. 2015లో ఆ క్లబ్ రెండో డివిజన్ గెలిచి, దేశంలో అప్పటి పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్‌లోకి వచ్చింది. మొదటి ఏడాది తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానం. తొమ్మిదో జట్టు కింది డివిజన్ నుంచి కాకుండా నేరుగా లీగ్‌లో చేరింది కాబట్టి దానికి మినహాయింపు ఉంది. వేటు ఐజ్వాల్ మీద పడింది. మీలాగే కిందికి. చిత్రమేమిటంటే, అదే 2016లో ఆ జట్టు, దేశంలోని క్లబ్బులు ఆడే మరో పోటీ ఫెడరేషన్ కప్ ఫైనల్‌కు కూడా చేరింది. ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో 5-0తో ఓడింది. పాలు తోడుకోలేదని గిన్నె పారబోసేవాళ్లు ఉంటారు. కాస్త ఆగి, వెచ్చగా ఉండే చోటుకు జరిపి పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లు రెండో రకం.

తర్వాత జరిగినదానికి నా వంటింట్లో పోలిక లేదు. సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా లాంటి గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకున్నాయి. ఖాళీ వచ్చింది. ఐజ్వాల్‌ను మళ్లీ లీగ్‌లోకి తీసుకున్నారు. అది అదృష్టం, అంతే. దాన్ని దాచి నీకు కథ చెప్పడం నాకిష్టం లేదు.

మన ఇంట్లో తోడు పాడైతే ఏం చేస్తాం? చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. ఐజ్వాల్ ముంబై వైపు చూసింది. అక్కడ ఒక క్లబ్‌కు చాలా ఏళ్లు పనిచేసి బయటికొచ్చిన ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా తెచ్చుకుంది. అశుతోష్ మెహతా, జయేశ్ రాణే ఆయన వెంట వచ్చారు. సిరియా నుంచి మహ్మూద్ అల్ అమ్నా, ఐవరీ కోస్ట్ నుంచి కామో బాయి. మిగతావాళ్లలో ఎక్కువమంది అక్కడి కొండల పిల్లలే. పక్కింటి తోడు చెంచాడే ఉంటుంది, పాలు మాత్రం మనవే కావాలి.

అప్పట్లో ఐజ్వాల్‌కు రైలు లేదు. 2025లో గానీ రాలేదు. ప్రతి బయటి మ్యాచ్‌కూ కొండ దిగి, విమానాలు మారి వెళ్లాలి. ఎదురుగా ఎవరు? 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్, డబ్బున్న బెంగళూరు. 2017 ఏప్రిల్ 22న మోహన్ బగాన్ ఐజ్వాల్ వచ్చింది. 83వ నిమిషం దాకా గోల్ లేదు. అప్పుడు జోమింగ్లియానా రాల్టే, డిఫెండర్, గోల్ కొట్టాడు. 1-0.

ఇక చివరి మ్యాచ్. ఏప్రిల్ 30, షిల్లాంగ్. ఓడకపోతే చాలు, కప్పు ఐజ్వాల్‌దే. ఆట మొదలైన కాసేపటికే షిల్లాంగ్ లజాంగ్ జట్టు తరఫున డిపాండా గోల్ కొట్టేశాడు. అదే సమయానికి కలకత్తాలో మోహన్ బగాన్ తన మ్యాచ్ ఆడుతోంది. అది గెలిచి, ఐజ్వాల్ ఓడితే కప్పు అటు పోతుంది. ఎంత టెన్షనో ఆలోచించు! హాఫ్‌టైమ్ అయింది, స్కోరు మారలేదు. రెండో సగంలో విలియం లాల్‌నున్‌ఫెలా బంతిని నెట్‌లోకి పంపాడు. 1-1. అటు మోహన్ బగాన్ గెలిచింది. అయినా ఐజ్వాల్‌కు 18 మ్యాచ్‌లలో 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కు 36. ఒక్క పాయింటు! ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి క్లబ్ అదే.

ఆ తర్వాత కోచ్ కలకత్తాకు వెళ్లిపోయాడు. మంచి ఆటగాళ్లలో చాలామందిని పెద్ద క్లబ్బులు తీసుకుపోయాయి. చుట్టాలొచ్చి గిన్నె ఖాళీ చేసినట్టు. ఖాలిద్ జమీల్ 2025లో భారత జట్టుకే కోచ్ అయ్యాడు. ఐజ్వాల్‌కు లీగ్ టైటిల్ మళ్లీ రాలేదు. చాలామంది దీన్ని విషాదంగా చెబుతారు. నాకలా అనిపించదు. క్లబ్ ఉంది, ఆడుతోంది. కప్పు గెలిచిన ఏడాది కన్నా, అందరూ వెళ్లిపోయాక గిన్నె అడుగున చెంచాడు మిగుల్చుకుని మళ్లీ పాలు కాచిన ఏడాదే నాకు గొప్పగా కనిపిస్తుంది.

నీ ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వలేదని తెలుసు. ఆట ఎక్కడ పుడుతుందో చెప్పాను గానీ, ఏ క్షణంలో గెలుపుగా మారుతుందో చెప్పలేను. అర్ధరాత్రి లేచి మూత తీస్తే ఇంకా పాలే. తెల్లవారుజామున పెరుగు. మధ్యలో ఎప్పుడు గట్టిపడిందో ఇంతవరకు నేను పట్టుకోలేకపోయాను. ఈ వయసులోనూ అది నాకు వింతే. కావాలంటే ఈ రాత్రి అమ్మనడిగి నువ్వే తోడు పెట్టి చూడు.

రేపు ప్రాక్టీస్‌కు వెళ్తావు కదా. మైదానం అంచున కింది తరగతుల పిల్లలు ఎవరైనా సంచి భుజాన వేసుకుని నిలబడి చూస్తున్నారేమో గమనించు. ఉంటే పిలిచి ఆడించు. వాళ్లు ఏ కాలితో తన్నారో నాకు రాసి పంపు.

ప్రేమతో,
తాతయ్య