అనధికార జీవితచరిత్ర మీద అభిమానుల తీర్పులు: అపోహలు - వాస్తవాలు

పాప్ గాయకుడి మీద ఆయన అనుమతి లేని జీవితచరిత్ర వచ్చిందంటే వారం తిరక్కుండానే తీర్పులు వచ్చేస్తాయి. ఒక వర్గం "అంతా చెత్త, డబ్బుల కోసం రాశారు" అంటుంది. ఇంకో వర్గం "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అంటుంది. రెండు వర్గాల్లోనూ పుస్తకం చివరిదాకా చదివినవాళ్లు తక్కువే.

ఇలాంటి పుస్తకాల రాతప్రతులు సరిచూసేవాళ్లు అడిగే ప్రశ్న వేరు. ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఎందుకంటే ఒకే పుస్తకంలో 40వ పేజీ కోర్టు కాగితం మీద నిలబడుతుంది, 41వ పేజీ ఎవరో మాజీ డ్రైవరు చెప్పినదాని మీద నిలబడుతుంది. రెండింటికీ కలిపి ఒకటే మార్కు వేస్తే లెక్క తప్పుతుంది. కింద ఎక్కువ ఉదాహరణలు మైకేల్ జాక్సన్ గురించినవే. ఆయన మీద పుస్తకాలూ ఎక్కువే, వాటి మీద అభిమానుల గొడవా ఎక్కువే, పోల్చి చూసుకోవడానికి బయటికొచ్చిన రికార్డులూ ఎక్కువే.

అపోహ: అనుమతి లేకుండా ఒకరి జీవితం రాయడం చట్టవిరుద్ధం.

వాస్తవం: జరిగిన సంఘటనల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. 1983లో ఫ్రాంక్ సినాట్రా, తన మీద పుస్తకం రాస్తున్న కిటీ కెల్లీపై 20 లక్షల డాలర్లకు దావా వేశాడు. పుస్తకం అప్పటికింకా రాతలోనే ఉంది. తన కథను తానైనా రాయాలి, తాను ఒప్పుకున్నవాళ్లయినా రాయాలి అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది తనే దావా వెనక్కి తీసుకున్నాడు. పుస్తకం 1986లో వచ్చి అమ్మకాల జాబితాల్లో పైకెక్కింది. దావా పుణ్యమా అని ప్రచారం ముందే జరిగిపోయింది.

మన దేశంలో ఈ విషయానికి ఆధారం 1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ప్రజలకు అందుబాటులో ఉన్న రికార్డుల మేరకు ఒకరి జీవితాన్ని వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించవచ్చు. ఆ రికార్డు దాటి సొంత జీవితంలోకి వెళ్తే గోప్యతకు భంగం కలిగించినట్టు కావచ్చు, అప్పుడు రాసినవాళ్లు జవాబు చెప్పుకోవాలి.

కాపీరైట్ అసలు పట్టుకునేది వేరే చోట. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని అక్షరాలు రాసినవారివి. రచయిత సాలింజర్ ఉత్తరాల మీద 1987లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది ఇదే. పాటల చరణాలకు మ్యూజిక్ పబ్లిషర్ అనుమతి కావాలి, అడిగినంత డబ్బూ కట్టాలి. అందుకే అనధికార పుస్తకాల్లో చరణాలు దాదాపు కనపడవు, ఫొటోలు ఏజెన్సీల దగ్గర కొన్నవే ఉంటాయి. "పాటల గురించి ఒక్క లైనూ లేదు, ఈ రచయితకు సంగీతం తెలియదు" అని అభిమానులు తిట్టే తిట్లలో సగం ఈ లైసెన్సు ఖర్చుకు తగలాల్సినవి. మిగతా సగం న్యాయమైనవే. స్టూడియోలో ఏం జరిగిందో పట్టించుకోకుండా పడకగది చుట్టూ తిరిగే పుస్తకాలు నిజంగానే చాలా ఉన్నాయి.

అపోహ: "అధికారికం" అంటే నిజం, "అనధికారం" అంటే అబద్ధం.

వాస్తవం: అధికారికం అంటే రాతప్రతిని గాయకుడి మనుషులు చూశారని మాత్రమే. బీటిల్స్ మీద హంటర్ డేవిస్ రాసిన అధికారిక పుస్తకం 1968లో వచ్చింది. 1970 చివర్లో జాన్ లెనన్ దాన్ని ఓ ఇంటర్వ్యూలో కొట్టిపారేశాడు. తన చిన్ననాటి నిజాలను పెద్దమ్మ మిమీ తీయించేసిందని, తానూ ఊరుకున్నానని చెప్పాడు. అదే బీటిల్స్ మీద మార్క్ లూయిసన్ 2013లో తెచ్చిన మొదటి సంపుటం ఎవరి ముద్రా లేని స్వతంత్ర పుస్తకం. 1962 చివరిదాకా నడిచే ఆ కథను తేదీల విషయంలో వీరాభిమానులే ప్రమాణంగా తలుస్తారు. ఇక ఆత్మకథ అంటారా, అది ఒక సాక్షి వాంగ్మూలం. సాక్షి అన్నాక కొన్ని చెబుతాడు, కొన్ని దాటేస్తాడు.

అపోహ: నిప్పు లేనిదే పొగ రాదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే జాక్సన్ ఆక్సిజన్ పెట్టె కథ ఈ సామెతను రెండు వైపులా తిప్పికొడుతుంది. 1986 సెప్టెంబరులో అమెరికాలోని ఒక టాబ్లాయిడ్‌లో, అంటే సంచలన వార్తల పత్రికలో, ఒక ఫొటో వచ్చింది. గాజు పెట్టెలాంటి యంత్రంలో జాక్సన్ పడుకుని ఉన్నాడు. 150 ఏళ్లు బతకాలని రోజూ అందులోనే నిద్రపోతున్నాడన్నది వార్త. ఫొటో నిజమైనదే. 1984 జనవరి 27న పెప్సీ ప్రకటన చిత్రీకరణలో జాక్సన్ జుట్టుకు నిప్పంటుకుంది. ఆ తర్వాత పరిహారంగా వచ్చిన 15 లక్షల డాలర్లను కల్వర్ సిటీలోని బ్రాట్‌మన్ ఆసుపత్రి కాలిన గాయాల విభాగానికి ఇచ్చేశాడు. ఆ యంత్రం కాలిన రోగుల కోసం అక్కడ ఉన్నదే. 1993లో ఓప్రా విన్‌ఫ్రే ముందు జాక్సన్ ఈ కథంతా టాబ్లాయిడ్ల అబద్ధమని కొట్టేశాడు. అంతటితో అభిమానులు కేసు మూసేశారు.

కానీ జీవితచరిత్ర రాసిన రాండీ తారబొరెలి మాట వేరు. ఆ కథను టాబ్లాయిడ్‌కు అందించింది జాక్సన్ శిబిరమేనంటాడు ఆయన. అంటే "పెట్టెలో నిద్రపోయాడు" అన్న వాక్యం వేరు, "ఆ పుకారు ఎవరు పుట్టించారు" అన్న వాక్యం వేరు. మొదటిదానికి ఆధారం లేదు. రెండోది ఒక రచయిత తన వర్గాల ఆధారంగా చెబుతున్న మాట. మొదటిది నిలబడనంత మాత్రాన రెండోది ఎగిరిపోదు. అభిమానులు తడబడేది ఎక్కువగా ఈ మెలిక దగ్గరే.

చర్మం రంగు గొడవా ఇలాంటిదే. ఆయనకు బొల్లి ఉందని 2009 పోస్టుమార్టం తేల్చింది, 2010 ఫిబ్రవరిలో ఆ నివేదిక బయటికొచ్చింది. "కావాలనే తెల్లగా మారాడు" అని రాసిన పుస్తకాలు ఆ మేరకు తప్పు. మరి ఇంట్లో రంగు తగ్గించే క్రీములు దొరికాయి కదా అంటారు. దొరికాయి. బొల్లి ఒళ్లంతా పాకినప్పుడు మిగిలిన ముదురు మచ్చలను కూడా తెల్లబరిచి చర్మాన్ని ఒకే రంగుకు తేవడం చర్మవైద్యంలో ఉన్న పద్ధతే, మోనోబెంజోన్ క్రీము పని అదే. క్రీము ఉందన్న వాస్తవం ఒకటి, దానికి రచయిత తగిలించిన కారణం ఒకటి. ఇంకో మాట: అదే నివేదికలో కనుబొమలకు, పెదవులకు వేయించుకున్న టాటూల వివరమూ ఉంది. బొల్లి ఉన్న పేజీని పంచుకునేవాళ్లు ఆ పేజీనీ పంచుకుంటే బాగుండు.

అపోహ: వందల ఇంటర్వ్యూలు చేశారట, నమ్మాల్సిందే.

వాస్తవం: సినాట్రా పుస్తకానికి 857 ఇంటర్వ్యూలన్నారు. లెనన్ మీద ఆల్బర్ట్ గోల్డ్‌మన్ 1988లో తెచ్చిన పుస్తకానికి 1,200 అన్నారు. అంకె ఏమీ తేల్చదు. ఆ సమయానికి ఆ గదిలో ఉన్నవాళ్లు అందులో ఎంతమంది అన్నదే లెక్క. గోల్డ్‌మన్‌దే 1981 నాటి ఎల్విస్ ప్రెస్లీ పుస్తకం చూడండి. నల్లవాళ్ల గొంతు, నల్లవాళ్ల భావం ఉన్న తెల్లవాడు దొరికితే కోట్లు గడిస్తానని ఎల్విస్ తొలి పాటలు రికార్డు చేసిన సన్ రికార్డ్స్ యజమాని శామ్ ఫిలిప్స్ అనేవాడని ఆయన దగ్గర పనిచేసిన మేరియన్ కైస్కర్ గుర్తుచేసుకున్న మాట ఒకటి ప్రసిద్ధం. గోల్డ్‌మన్ పుస్తకంలో అదే మాట నల్లజాతిని కించపరిచే తిట్టుతో అచ్చయింది. విమర్శకుడు గ్రీల్ మార్కస్ నేరుగా కైస్కర్‌నే అడిగాడు. అది పూర్తిగా అబద్ధమని ఆమె చెప్పారు. మారింది చిన్న ముక్కే, కానీ ఫిలిప్స్ మనిషే మారిపోయాడు, ఎల్విస్ పాటల పుట్టుకకే వేరే అర్థం వచ్చింది. పుస్తకం మొత్తాన్ని బూతులు తిట్టిన వందల ఉత్తరాల కంటే ఈ ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేసింది.

అపోహ: కేసు వేయలేదంటే రాసింది నిజమే.

వాస్తవం: అమెరికాలో 1960ల నుంచి ప్రముఖులకు పరువునష్టం దావా గెలవడం కష్టం. తప్పని తెలిసే రాశారనో, తప్పో ఒప్పో అన్న లెక్కే లేకుండా రాశారనో నిరూపించాలి. పైగా చనిపోయినవారి పరువుకు అక్కడ దావా లేదు. అందుకే 2009 తర్వాత జాక్సన్ మీద పుస్తకాలు వెల్లువెత్తాయి. మన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కొంచెం తేడా: కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయినవారి పరువు తీస్తే అదీ నేరం కావచ్చు. ఇక దావాల్లో గెలుపు కూడా ఆ ఒక్క మాటకే వర్తిస్తుంది. జాక్సన్‌ను దోషిగా చూపే ఓ వీడియో టేపు ఉందని టీవీలో చెప్పిన రచయితపై 1998లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ జాక్సన్‌కు 27 లక్షల డాలర్లు ఇప్పించింది. అది ఆ టేపు మాటకు పడిన శిక్ష.

అపోహ: వన్ స్టార్ రేటింగులు వందలున్నాయంటే పుస్తకం పనికిరానిదే.

2012 నవంబరులో రాండల్ సలివన్ రాసిన జాక్సన్ జీవితచరిత్ర వచ్చినప్పుడు అభిమానులు ఫేస్‌బుక్‌లో కూడబలుక్కుని అమెజాన్‌లో వందకు పైగా వన్ స్టార్ రివ్యూలు గుప్పించారు. విచిత్రమేమిటంటే పిల్లలకు సంబంధించిన ఆరోపణల్లో ఆ పుస్తకం జాక్సన్ వైపే మొగ్గింది. తప్పులు ఉన్నాయని అభిమానులు చూపించిన చోట్ల కొన్ని నిజంగా పట్టించుకోదగ్గవి. కానీ పేజీ నంబరు లేని "అంతా అబద్ధం" రివ్యూల కింద అవి కూరుకుపోయాయి. రివ్యూ చదివేటప్పుడు, రాసినవాళ్లు పుస్తకం కొన్నారని చూపే గుర్తు పక్కన ఉందా, పేజీ చెప్పారా, పుస్తకం విడుదలకు ముందు పత్రికల్లో వచ్చిన భాగం దాటి ఏమైనా ప్రస్తావించారా, ఈ మూడూ చూస్తే చాలు. పత్రికలు ముందే కొనుక్కునేది పుస్తకంలో అన్నిటికన్నా మసాలా ఉన్న భాగాన్నే. దాన్ని బట్టి పుస్తకమంతా అంతేనని తేల్చేవాళ్లే ఎక్కువ.

పుస్తకం చేతికొస్తే గంటలో చేయగల పరీక్ష ఒకటుంది. ముందు వెనక్కి తిప్పి నోట్సు చూడండి. ప్రతి అధ్యాయానికి పేజీవారీగా ఆధారాలు ఇచ్చారా, లేక "రచయిత ఇంటర్వ్యూలు" అని ఒక పేరాలో దులిపేశారా? తర్వాత మీకు బాగా తెలిసిన ఏడాదిని ఎంచుకుని అందులోంచి పది వాక్యాలు తీయండి. కచేరీ తేదీ, ఆల్బమ్ విడుదల, వారం పేరు, ఊరు లాంటివి. పాత పత్రికలతో, టూర్ షెడ్యూలుతో పోల్చండి. పదింటిలో ఒకటి తప్పితే అచ్చుతప్పు అనుకోవచ్చు. మూడు నాలుగు తప్పితే మీకు తెలియని అధ్యాయాల్లోనూ అంతే ఉంటాయనుకోవాలి. ఆపైన కొటేషన్లలో ఉన్న సంభాషణలను చూడండి. గదిలో ఇద్దరే ఉండి ఇద్దరూ చనిపోయి ఉంటే ఆ మాటలు ఎవరు విన్నారు? చివరగా ఒక సంచలన వాక్యాన్ని పట్టుకుని వెనక్కి నడవండి. చాలాసార్లు ఈ పుస్తకం ఆ పుస్తకాన్ని, అది ఒక పత్రికను, ఆ పత్రిక ఓ టాబ్లాయిడ్‌ను చూపిస్తుంది. నలుగురు చెప్పినట్టు కనిపించినా మొదట చెప్పినవాడు ఒక్కడే.

తెలుగులో ఈ కథలు తిరిగే తీరుకు ఓ ప్రత్యేక జబ్బుంది. మూలంలో "అలా జరిగి ఉండవచ్చని ఓ సన్నిహితుడి మాట" అని ఉంటుంది. మొదటి తెలుగు వ్యాసంలో అది "జరిగిందట" అవుతుంది. యూట్యూబ్ వీడియోకు చేరేసరికి ఆ "ట" కూడా రాలిపోయి "జరిగింది" అవుతుంది. పాపం రచయిత రాయని మాటకు ఆయన్నే తిడతారు.

తప్పు దొరికితే రేటింగు కంటే ప్రచురణకర్తకు రాసే మెయిలే పనిచేస్తుంది. మామూలుగా గట్టి అట్ట ఎడిషన్ వచ్చిన ఏడాదికి పేపర్‌బ్యాక్ వస్తుంది, దిద్దుబాట్లు అందులో చేరతాయి. కాబట్టి మొదటి నాలుగైదు నెలల్లోనే రాయాలి. పేజీ, పేరా, అచ్చయిన వాక్యం, సరైన సమాచారం, దానికి రుజువుగా పత్రిక కటింగో రికార్డు కాపీనో, ఒక్కో తప్పుకు ఒక్కో పేరా. అభిమాన సంఘం తరఫున వంద మంది ఒకే మెయిల్ పంపితే స్పామ్‌లోకి పోతుంది, ఒక్కరు పంపినా చాలు. ఎడిషన్ మారితే పేజీ నంబర్లు మారతాయి గనుక ఆ ఎడిషన్‌ను గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరును మెయిల్ మొదట్లోనే రాయండి.