ఎండ మీద నింద వేయకండి: ఇంటి తోటపై కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇళ్లకు తోటలు వేసే పని నాది. ఏటా జూన్ రాగానే ఫోన్లు మొదలవుతాయి. "ఎండకు మొత్తం పోయింది, మళ్లీ కొత్తగా వేద్దాం" అంటారు. వెళ్లి తవ్వి చూస్తే చాలాచోట్ల మొక్కను చంపింది ఎండ కాదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకేమన్నా కొత్తా? ఆ ఎండలోనే గుట్టల మీద తంగేడు పచ్చగా నిలబడి ఉంటుంది.

అపోహ: ఎండాకాలం రెండు పూటలా నీళ్లు పెడితే చాలు, మొక్క బతుకుతుంది

మడికొండ వైపు ఒక రిటైర్డ్ టీచర్ గారు పిలిచారు. "పొద్దున, మాపున నేనే పైపు పట్టుకుంటున్న తమ్మీ. అయినా ఆకులు వాలిపోతున్నయి. ఇంకా పెంచాల్నా?" అని అడిగారు. మందారం పాదు పక్కన గడ్డపారతో రెండు పోట్లు పొడిచాను. కుళ్లిన వాసన వచ్చింది. వేర్లు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వస్తున్నాయి.

జరిగింది ఇదీ. ప్లాటు ఎత్తు పెంచడానికి మొరం పోసి రోలర్‌తో తొక్కించారు. ఆ గట్టి మొరంలో అడుగు లోతు గుంత తీసి, కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కను జిగురు మట్టి ముద్దతో సహా దించేశారు. అది గుంత కాదు, తొట్టి. పోసిన నీళ్లు బయటికి పోవు, ముద్ద ఆరదు, వేరు మొరంలోకి దూరలేదు. వేరు కుళ్లినా, దాహం వేసినా పైన కనిపించే గుర్తు ఒక్కటే: ఆకు వాలిపోవడం. మనిషి చూసి జాలిపడి ఇంకో బకెట్ పోస్తాడు. ఆయన వద్ద ఇలా ప్రేమతోనే పదకొండు మొక్కలు పోయాయి.

మధ్యాహ్నం రెండింటికి ఆకు వాలితే కంగారు పడొద్దు. పొద్దుగూకాక, లేదా తెల్లారి చూడండి. అప్పటికీ లేవకపోతే పాదులో నాలుగు అంగుళాల లోతు వేలు పెట్టండి. తడి ఉంటే నీళ్లు వద్దు. నాటి ఏడాది దాటి, వేరు దిగిన పొదలకు మేలో కూడా రెండు మూడు రోజులకోసారి పాదు నిండా పోస్తే సరిపోతుంది. రోజూ కొంచెం కొంచెం చల్లితే వేర్లు పైపైనే తిరుగుతాయి, ఒక్క పూట మోటారు పాడైతే మాడిపోతాయి. కుండీల లెక్క వేరే, వాటికి వేసవిలో రోజూ కావాలి.

గుంత రెండడుగుల లోతు, అంతకన్నా ఎక్కువ వెడల్పు ఉండాలి. పక్కలు గడ్డపారతో గీకి వదులు చేయాలి. చల్క మట్టిలో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టిలో, మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలపాలి. కవర్ తీశాక ముద్దను చేత్తో కొంచెం విదిలించి, చుట్టలు చుట్టుకున్న వేర్లు కత్తిరించాలి. "అయ్యో, వేరు కోస్తున్నవా" అని ఇంటివాళ్లు అంటూనే ఉంటారు, కోయక తప్పదు.

అపోహ: చెరువు మట్టి ఎంత వేస్తే అంత బలం

2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పొలాలకు పూడిక మట్టి తోలించుకున్నవాళ్లు దాని మేలు చూశారు. నిజమే, చల్క నేలలో పలచగా కలిపి దున్నితే తడి నిలుస్తుంది. అదే మట్టిని లాన్ కింద ఆరంగుళాలు పరిస్తే వానాకాలం అడుగు పెట్టలేరు, ఎండాకాలం పగుళ్లలో గడ్డి చీలిపోతుంది. ట్రాక్టర్ ట్రిప్పు చవకగా వస్తోందని ఎగబడొద్దు. ఇంకో మాట, మామిడి చెట్టు నీడలో మెక్సికన్ గడ్డి రాదు. రోజుకు ఐదారు గంటల ఎండ లేనిచోట లాన్ వేసిస్తానన్న కాంట్రాక్టర్‌ను నమ్మొద్దు, అది నేనే అయినా సరే.

అపోహ: మృగశిర రాగానే నాటేయాలి

కార్తె మంచిదే కానీ తొలి వానకు తడిసేది నాలుగు వేళ్ల మందం. కింద రోహిణి వేడి అలాగే ఉంటుంది. జూన్‌లో గుంతలు తీసి వదిలేయండి. రెండు మూడు గట్టి వానలు పడి అడుగు లోతు తడిశాక, ఎక్కువగా జూలైలో, నాటండి.

అపోహ: వేప ఎండిపోయింది, కొట్టేయాలి

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివరి నుంచి ఎండుకుంటూ వచ్చాయి. భయపడి మా దగ్గర చాలామంది మొదలంటా నరికించారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. వానాకాలం చివర్లో మొదలై చలికాలంలో చెట్టు మోడులా కనిపిస్తుంది. ఆ తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. గోటితో బెరడు గీకండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండు పుల్లలు కోసి కాల్చేసి, చిగుళ్ల కోసం ఆగండి. నరకడానికి గంట చాలు, అలాంటి నీడ రావడానికి ఇరవై ఏళ్లు కావాలి.

కాగితం పూల చెట్టు పూయట్లేదని ఎరువు, నీళ్లు పెంచేవాళ్లకు ఒక్కటే జవాబు: రెండూ తగ్గించండి. అది కొంచెం ఎండగడితేనే పూస్తుంది.

అపోహ: మన అడవి మొక్కలు తోటకు పనికిరావు

తంగేడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మ రోజుల్లో దాని కోసం బండ్లేసుకుని ఊరి బయటికి పోతాం, ఇంటి ముందు మాత్రం పెట్టం. నర్సరీలో అడిగితే నవ్వుతారు. గుట్ట మీది పెద్ద మొక్కను పెకిలించి తేవద్దు, తల్లివేరు తెగి చస్తుంది. ఎండిన కాయలు ఏరుకోండి. గింజ పైపెంకు గట్టిది, అందుకని వేడి నీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి. ఉబ్బినవాటిని జూలైలో పెరగాల్సిన చోటే విత్తండి. మొరం నేల అయినా పర్లేదు, నీళ్లు నిలవకపోతే చాలు.